జిగణికి పోయిన మగ్గాలు

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సందులో మన మేడ పడగొడతా ఉండారు. చూడల్లంటే రేపే రా, ఎల్లుండికి ఏమీ మిగల్దు" అన్నాడు. ఆ మేడ మాది కాకుండా పోయి చాలా కాలమైంది. చూసి చేసేదేముందని అనుకుంటూనే వెళ్ళాను. బెంగళూరు కబ్బన్‌పేటలో ఆ సందులోకి ఆటో అప్పుడూ వచ్చేది కాదు, ఇప్పుడూ రాదు. నడిచి వెళ్ళేసరికి పై అంతస్తు లేదు. కింద మగ్గాలు ఉండిన గది మాత్రం కప్పు లేకుండా ఎండలో నిలబడి ఉంది. నేలలో మగ్గాల కాళ్ళు బిగించిన బోల్టుల గుంటలు, వాటి చుట్టూ ఎంతమంది అద్దెకున్నవాళ్ళు కడిగినా వదలని నూనె మరకలు. గునపం పట్టుకున్న మనిషి, "ఇక్కడ మోటార్ల రిపేరీ షెడ్డు ఉండేదా మేడమ్?" అని అడిగాడు. పట్టుచీరలు నేసేవాళ్ళమని చెప్పాను. అతను ఒకసారి సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ప్లాస్టిక్ సంచుల దుకాణాలు, అట్టపెట్టెల గోదాములు, గాజుల హోల్‌సేల్ అంగళ్ళు. నేను గొప్పలు పోతున్నాననుకున్నాడేమో, తలాడించి తన పనిలో పడ్డాడు.

నమ్మకపోవడంలో అతని తప్పేమీ లేదు. నేను బడికి పోయే రోజుల్లో ఆ సందులో పట్టు తప్ప మరో ఊసు లేదు. మొదటి ఇంట్లో మునిస్వామి మామ పెద్ద డ్రమ్ము తిప్పుతూ పడుగులు చుట్టేవాడు. పడుగంటే చీర పొడవునా సాగే దారాలు. దాని ఎదురిల్లు కరీం భాయ్‌ది, వాకిలి నిండా రంగుల బానలు. సందు మధ్యలో మా ఇల్లు. కింద మరమగ్గాలు, పైన మేము. సందుమొత్తంలో ఎక్కువ మగ్గాలు మావే కాబట్టి నాన్న కొంచెం పెద్దమనిషి లెక్క. మా వెనక గదిలో రత్నమ్మత్త అద్దెకు ఉండేది. అత్త అన్నది పిలుపే, చుట్టరికం ఏమీ లేదు. ఆమెకు మగ్గం లేదు. ఆమె పని అతుకు. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు పాత దారాల కొసలు తీసెయ్యరు, అలాగే ఉంచుతారు. కొత్త పడుగులోని ఒక్కో దారాన్ని ఆ పాత కొసకు చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలి తిప్పాలి. అలా వేల దారాలు. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ మెలికల మీదే పెంచుకొస్తోంది. సందులో ఎవరి పడుగు అయిపోయినా వాకిట్లో నిలబడి "రత్నమ్మా" అని ఒక కేక వేస్తే చాలు, పొయ్యి మీది సారు గిన్నె దించి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేసేది.

పొద్దున లేవగానే మాకు తగిలే మొదటి వాసన కాఫీది కాదు, కరీం భాయ్ బానలో సబ్బునీళ్ళతో ఉడికే పచ్చిపట్టుది. కొత్తవాళ్ళయితే ముక్కు మూసుకునేవారు. చుట్టాలు వస్తే మా అమ్మ వాళ్ళకు ముందుగానే అగరొత్తి వెలిగించి పెట్టేది, మాకు మాత్రం ఆ వాసన లేకపోతే తెల్లారినట్టు ఉండేది కాదు. చలికాలంలో అవరె చిక్కుడుకాయల వాసన దానితో కలిసేది. బడి నుంచి వచ్చాక పుస్తకాలు ఒక మూల పడేసి దారపు కండెలు చుట్టడం మా పని. ఒక్కో ఇంటి పిల్లకూ అదే పని, కాబట్టి ఎవరమూ ఏడ్చేవాళ్ళం కాదు. నాన్నకు ఒక అలవాటు ఉండేది. కాఫీ గ్లాసు పట్టుకుని మగ్గాల గదిలో కాకుండా వీధిలో నిలబడేవాడు. లోపల అన్ని మగ్గాలూ ఒకేసారి ఆడుతుంటే నాకు అంతా ఒకటే రొద. ఆయన మాత్రం గ్లాసు దించి, "మూలది నూనె అడగతా ఉండాది, పో, చెప్పు" అనేవాడు. మా మగ్గాలే కాదు, పక్కింటివీ అలాగే వినేవాడు. "సుబ్బన్న ఇంట్లో అంచు మార్చినారు, మగ్గం దెబ్బ వేరేగా ఉండాది" అని అమ్మతో అనేవాడు. రెండు రోజులకు మా చీరలు కొనే చిక్‌పేట షావుకారు అదే అంచు కావాలని అడిగేవాడు. అప్పటికే మా దగ్గర సిద్ధంగా ఉండేది. దీన్ని ఎవరూ దొంగతనం అనుకోలేదు. మా చీర చూసి వాళ్ళు నేసేవాళ్ళు, వాళ్ళది విని మేము నేసేవాళ్ళం.

అమావాస్యకు మాత్రం మగ్గం ఆడించకూడదు. ఆ రోజు సందులో ఉన్నట్టుండి కాకుల అరుపులు వినిపించేవి. అందరూ తలంటుకుని మధ్యాహ్నానికి మా మేడ మీద చేరేవారు. మా అమ్మ చిత్రాన్నం, పాయసం చేసేది, మిగతా ఇళ్ళవాళ్ళు తలా ఒకటి తెచ్చేవారు. సందుకు సంబంధించిన మాటలన్నీ అక్కడే తేలేవి. ఎవరి పడుగు ముందు, ఎవరిది తర్వాత. ఎవరింట్లో జ్వరాలు, వాళ్ళ చీరలు ఎవరు నేసిపెట్టాలి. మామూలు రోజుల్లో ఆ రొదలో పెదవులు చూసి మాట అర్థం చేసుకోవాల్సిందే కాబట్టి, మనసులో మాట ఏదున్నా జనం అమావాస్య దాకా ఆపుకునేవారు. అమావాస్య నాడు చెప్పకుండా ఏ ఇంటివాళ్ళూ పెద్ద పనేదీ చేసేవాళ్ళు కాదు. అది మా సందు పద్ధతి.

ఆ పద్ధతి తప్పింది మేమే. నేను బి.కాం. చదువుతున్నప్పుడు నాన్నకు మరో నాలుగు మగ్గాలు వెయ్యాలన్న కోరిక పుట్టింది. గదిలో చోటు లేదు. కొత్త కరెంటు కనెక్షన్ ఇచ్చేది లేదన్నారు. సందు చివర కొత్తగా వచ్చిన కాపురాలవాళ్ళు రొద అని ఫిర్యాదులు పెడుతున్నారు. అప్పుడే ఎవరో ఊరికి దూరంగా జిగణి పారిశ్రామికవాడలో షెడ్డు ఉందని చెప్పారు. పెద్ద షెడ్డు, చవక, కావలసినంత కరెంటు. నాన్న నన్ను కూర్చోబెట్టుకుని లెక్క వెయ్యమన్నాడు. కాలేజీ చదువు అప్పుడే తలకెక్కి ఉంది నాకు. అద్దె, కరెంటు, జీతాలు, లారీ బాడుగ, అన్నీ వేసి ఎటు చూసినా జిగణే లాభమని తేల్చాను. ఆ లెక్కలో సందు లేదు. మునిస్వామి మామ మా గుమ్మం ముందు నుంచి నడిచిపోతూ పడుగులో తప్పు చూసి చెప్పడం, రత్నమ్మత్త ఒక్క కేకకు రావడం, కరీం భాయ్ గిన్నెడు రంగు మిగిల్చి ఉంచడం, వీటికి ఎవరూ ఎప్పుడూ రసీదు ఇవ్వలేదు. రసీదు లేనిది ఖర్చూ కాదు, ఆదాయమూ కాదనుకునే చదువు నాది.

అమ్మ మాత్రం ఒకే మాట పట్టుకుంది. "సందులో అందరికీ ఒక మాట చెప్పరాదా? వచ్చేవాళ్ళు మనతోనే వస్తారు."

నాన్న ఒప్పుకోలేదు. "నేను పిలిస్తే మొగమాటానికి వస్తారు. ఆడ బాగుపడకపోతే వాళ్ళ పిల్లోళ్ళ ఉసురు నాకు తగలదా? నా మగ్గాలు, నా మంచీ చెడూ. పోయే ముందు చెబుతాంలే."

ఆయన మంచితనంతోనే అన్నాడు ఆ మాట. అందుకే ఇప్పటికీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు. షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వడానికి ముందు వచ్చిన అమావాస్య నాడు సందంతా మా మేడ మీదే కూర్చుంది. పాయసం వడ్డించింది నేను. రత్నమ్మత్త విస్తరి ముందు వంగినప్పుడు ఆమె నా మొహంలోకి చూసి, "ఏమే సరోజా, ఏమైనా విశేషాలుండాయా?" అని అడిగింది. "ఏమీ లేదత్తా" అన్నాను. నాన్న కర్ణాటక క్రికెట్ జట్టు గురించి మాట్లాడాడు. ఆ తర్వాతి అమావాస్యకు మా మగ్గాల గది ఖాళీ, కాపురం మాత్రం పైనే.

జిగణిలో మొదటి నెల పండగలా గడిచింది. అంత వెలుతురు, అంత చోటు మేమెప్పుడూ చూడలేదు. అయితే మా షెడ్డుకు అటూ ఇటూ ఉన్నవి గ్రానైటు రాళ్ళు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు. గాలి ఎటు తిరిగితే అటు తెల్లటి దుమ్ము. పాలరంగు పడుగు మీద అది పడితే రెండు రోజుల దాకా కంటికి కనపడదు, చీర మడత పెట్టేటప్పుడు బూడిద గీతలా తేలుతుంది. నాన్న కిటికీలకు తడిగోనెలు కట్టించాడు. గాలి ఆగింది, నేతగాళ్ళకు ఊపిరీ ఆగింది. అరక్కు ఎరుపు దారం అరకిలో తక్కువ పడితే సందులో అయితే వీధి దాటడమే, ఇక్కడ నమూనా దారం జేబులో పెట్టుకుని బస్సెక్కి సందుకు వచ్చి, కరీం భాయ్ రంగు కలిపేదాకా కూర్చుని, తడి దారం సంచిలో వేసుకుని తిరిగి పోవాలి. అంతసేపూ మగ్గం ఖాళీ. నేతగాడికి మామీద కోపం వస్తే సందులో పక్కింటికి పోయేవాడు, పక్కింటివాడు అలిగి మా దగ్గరికి వచ్చేవాడు, రెండు నెలల్లో ఇద్దరూ మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు. జిగణిలో వాడు పోతే మాకు ఇంకొకడు లేడు, మేము పొమ్మంటే వాడికి ఇంకో మగ్గం లేదు. అందుకని ఒకరినొకరు భరిస్తూ, మనసులో తిట్టుకుంటూ ఉండేవాళ్ళం. ఇక చిక్‌పేటలో ఏ రంగు పోతోందో వినడానికి పక్కన మగ్గమే లేదు. జనం వంగపండు రంగు విసిగి వదిలేశాక కూడా ఆ సీజనంతా మేము అదే నేశాం.

అతుకు కోసం రత్నమ్మత్తే రావాలి. రెండు బస్సులు మారి వచ్చేది. వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక డబ్బా, "మీ నాయనకి ఉప్పుసారు ఇష్టం కదా" అంటూ. దారి బడలికతో కూర్చుని సాయంత్రం బస్సు వేళకు సగం దారాలతో లేవాల్సి వచ్చేది. మర్నాడు మళ్ళీ. ఆమె జిగణిలో ఉన్న రోజు సందులో ఇంకెవరి పడుగో ఆగేది. వాళ్ళు విసుక్కునేవారు. పిల్లలు వాకిట్లో కూర్చుని అమ్మ కోసం చూస్తుంటే మా అమ్మ పైకి పిలిచి అన్నం పెట్టేది. నేను కాలేజీ నుంచి వచ్చి వాళ్ళను దాటుకుని మెట్లెక్కేదాన్ని.

మేము పోయాక సందు కూడా ఒక్కసారిగా పోలేదు. అదయినా బాగుండేది. మునిస్వామి మామ డ్రమ్ము ఎక్కువగా మా మగ్గాల కోసమే తిరిగేదని మేము పోయాక ఆయనకే అర్థమైందట. జిగణికి పడుగులు మోయడం సాగక మేము ఆనేకల్లు వైపు ఇంకెవరినో పట్టుకున్నాం. ఆయన కొన్నాళ్ళు చూసి డ్రమ్ము విప్పి దొడ్డబళ్ళాపురం పోయాడు, అక్కడ మగ్గాలు పెరుగుతున్నాయని. పడుగు చుట్టేవాడు పోతే మిగతా ఇళ్ళకు పడుగు కోసం దూరం పోవాల్సి వచ్చింది. చిన్న ఇళ్ళవాళ్ళు రెండేసి మగ్గాలు పాత ఇనుముకు వేశారు. మగ్గాలు తగ్గితే కరీం భాయ్ బానలకు మంట దండగ. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, మొదటి పిడికెడు ఎవరిదో సందులో ప్రతివాళ్ళకూ తెలుసు. ఒక్కరూ అనలేదు. ఎదురుపడితే, "జిగణిలో బాగుండాదా అప్పా?" అనే అడిగేవారు. అది పుండు మీద కారం అని వాళ్ళకు తెలియదు.

జిగణి రెండో ఏడాదికే మా చేతులు కాల్చింది. నాన్న మగ్గాలు అమ్మేశాడు. కొన్నది దొడ్డబళ్ళాపురం మనిషే. తిరిగి సందుకు వద్దామంటే అక్కడ పడుగు లేదు, రంగు లేదు. కింది గదిని ప్లాస్టిక్ సంచులవాళ్ళు అద్దెకు అడిగారు, మగ్గాలు ఎప్పుడూ ఇవ్వనంత ఇస్తామన్నారు. సరుకు పెట్టుకోవడానికి వెనక గది కూడా కావాలన్నారు. ఆ మాట రత్నమ్మత్తతో చెప్పడానికి నాన్న పైనుంచి దిగలేకపోయాడు. అమ్మ చెప్పింది. అత్త సామాన్లు ఒక తోపుడుబండికి సరిపోయాయి. పిల్లలిద్దరూ బండి ముందు నడుస్తుంటే, ఆమె వెనక్కి వచ్చి గది ఊడ్చి, తాళంచెవి మా అమ్మ చేతిలో పెట్టి, దొడ్డబళ్ళాపురం బస్సెక్కింది. నేను పైన కిటికీలోంచి చూశాను, కిందికి రాలేదు. పరీక్షలున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. మేమూ పడ్డాం, వాళ్ళూ పడ్డారు. మేము పరుపు మీద పడ్డాం, వాళ్ళు బండమీద పడ్డారు. మాకు మేడ ఉంది, దాని అద్దె నా చదువు పూర్తి చేసింది.

ఆ చదువుతో ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ అకౌంట్సులో చేరాను. మా మేనేజరు గుంటూరాయన. క్యాంటీన్లో ఎవరైనా ఉద్యోగం భయం గురించి మాట్లాడితే ఆయన నవ్వేవాడు. "టెన్షన్ ఎందుకండీ? ఇక్కడ జాబ్ పోతే రోడ్ క్రాస్ చేస్తే చాలు, ఇంకో ఆఫర్. అదే మా ఊళ్ళో అయితే ఉన్న ఒక్క కంపెనీ మూస్తే ఇంటికే." కంపెనీలన్నీ ఇక్కడికే ఎందుకు వస్తాయని ఒక పిల్ల అడిగితే, "మనుషులు ఇక్కడున్నారని కంపెనీలు, కంపెనీలు ఇక్కడున్నాయని మనుషులు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెబుతున్నది మా సందు గురించే. ఒకసారి నాన్నను మా ఆఫీసు చూపించడానికి తీసుకుపోయాను. సాయంత్రం బస్సుల దగ్గర ఒక కంపెనీవాళ్ళు ఇంకో కంపెనీవాళ్ళతో టీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడం చాలాసేపు చూశాడు. "ఇది మన సందు మాదిరే ఉండాదే తల్లీ" అన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయాడు.

మేడ పడగొట్టడం చూసి వచ్చాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మర్నాడే దొడ్డబళ్ళాపురం బస్సెక్కాను. ఇన్నేళ్ళలో అటు పోకపోవడానికి పని ఒత్తిడి కారణమని అందరికీ చెబుతూ వచ్చాను, అది అబద్ధం. రత్నమ్మత్త మొహం చూసే ధైర్యం లేకనే వెళ్ళలేదు. అక్కడ దిగి, మగ్గాల మోత వినిపించిన వీధిలోకి తిరిగి, అతుకు రత్నమ్మ ఇల్లెక్కడని మొదట కనిపించినవాళ్ళనే అడిగితే చెయ్యెత్తి చూపించారు. అత్త అరుగు మీద కూర్చుని అవరెకాయలు వలుస్తోంది. జుట్టంతా తెల్లబడింది. లోపల కొడుకు మగ్గాలు ఆడుతున్నాయి. పక్కిల్లు మునిస్వామి మామ కొడుకుది.

"ఏమే సరోజా! ఇన్నేండ్లకి దోవ కనపడిందా?" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది. కాఫీ ఇచ్చింది. అమ్మ ఎలా ఉందని అడిగింది, నాన్న పోయినప్పుడు రాలేకపోయానని తనే బాధపడింది. మేడ పడగొట్టారని చెప్పాను.

"పోనీలే. ఈడ అంతా బాగుండాము. మునిస్వామన్న వచ్చేటప్పుడు అమావాస్యకి అందర్నీ కూర్చోబెట్టి అడిగినాడు. నాలుగిండ్లోళ్ళు సరే అని, ఒకరెనక ఒకరు వస్తిమి. పడుగు ఉండాది, రంగు ఉండాది, నేను ఉండాను. ఇంకేం కావల్ల?" చిక్కుడు గింజను గిన్నెలో వేసి, మామూలుగానే అంది. "మీ నాయన ఒక్క మాట అడిగింటే ఆ జిగణికే వచ్చింటిమి."

"ఆ అడవికి ఎవరొస్తారత్తా? నష్టపోతే మీ పిల్లల ఉసురు తగులుతుందనే నాన్న అడగలేదు" అన్నాను. ఇన్నేళ్ళూ దాచుకున్న ఒక్క సమర్థన అది.

ఆమె చేతులు ఆగాయి. "మీ అమ్మ నాకు చెప్పింది కదే, మీరు పోతా ఉండారని. నేను అందరికీ చెప్తిని. సందంతా అనుకునే ఉంటిమి. మునిస్వామన్న డ్రమ్ము విప్పేదానికి మనిషిని కూడా మాట్లాడుకొని వచ్చినాడు. కరీం భాయ్ ఇంట్లో ఆయమ్మ సరే అనింది. ఆ అమావాస్యకి మీ ఇంటికి వచ్చింది పాయసానికి కాదు తల్లీ. మీ నాయన అడగతాడు, సరే అందామని వస్తిమి. అడగందే మేము ఎట్లా అంటాము, మీ వెంట వస్తామని? మీకు మేము వద్దనుకుంటిమి. నిన్నూ అడిగితి. నువ్వు ఏమీ లేదంటివి."

లోపల ఏదో మగ్గం ఆగింది. కొడుకు "అమ్మా" అని పిలిచాడు. తెగిన దారాలేవో కలపాలట. అత్త గిన్నె పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచి లోపలికి పోయింది. నేను అరుగు మీదే ఉండిపోయాను. నాన్న ఈ మాట వినకుండా పోయాడు కదా అని మొదట హాయిగా అనిపించింది. తర్వాత, విన్నది నేను ఒక్కదాన్నే కాబట్టి ఇక మోయాల్సిందీ నేనే అని తెలిసి, ఆమె బయటికి వచ్చేలోగా మొహం తుడుచుకున్నాను.